బేరానికి ముందే బొట్టు

ఈ రోజు ఒక సెకండ్ హ్యాండ్ విమానం చూడటానికి వెళ్లాం. రెండు సీట్లదే లెండి. నాకు పైలట్ లైసెన్స్ వచ్చినప్పటి నుంచీ సొంత విమానం కొనాలని కోరిక.

సిరిసిల్ల నుంచి దారి పొడవునా అమ్మకు ఒకటే చెప్పాను: "నచ్చినట్టు మొఖం వెట్టకే అమ్మా, ధర తగ్గియ్యడు."

అక్కడ నేను రెక్కల కింద తుప్పు వెతుకుతూ, మొహం చిట్లిస్తూ బాగానే నటిస్తున్నాను. వెనక్కి తిరిగేసరికి అమ్మ ప్రొపెల్లర్‌కు పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టేసింది! మా షెడ్డులోకి దిగిన ప్రతి పాత మరమగ్గానికీ బొట్టు పెట్టిన చెయ్యి అది, ఊరుకోలేదు.

అమ్మే ఆయన నవ్వాడు. "బొట్టు గూడ పెట్టినంక ఇగ బేరమేంది మేడం?"

అమ్మ తొణకలేదు. "గది నీ ఇమానానికి కాదు సారూ, ఎక్కే నా బిడ్డ కోసం. మేం కొనకుంటే తుడుసుకో."

ఆయన తుడవలేదు. ధరా తగ్గించలేదు.

ఇంజిన్‌ను మెకానిక్ చూశాకే బయానా ఇస్తానని చెప్పి వచ్చేశాను. వేములవాడ దాటాక అమ్మ మెల్లగా అడిగింది: "తుడిచిండంటవా?"

ఇక రేపు బేరమాడే మొహం నేనెక్కడ తెచ్చుకోవాలో మీరే చెప్పండి.