పానాలు ముట్టని పండుగ

దసరా నాడు మధ్యాహ్నం మా కారు వాడకట్టు అందరి ముందు నా పరువు తీసింది. పూజ అయింది, గుమ్మడికాయ కొట్టారు, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. నేను దర్జాగా కూర్చుని తాళం తిప్పాను. సెల్ఫ్ మంచి జోరుగా తిరిగింది, ఇంజను మాత్రం అందుకోలేదు. మళ్లీ తిప్పాను. మళ్లీ అంతే. నిమ్మకాయలు నిమ్మకాయల్లాగే ఉన్నాయి.

ఆ కారు మా నాయనది. వికారాబాద్‌లో ఏళ్ల తరబడి టాక్సీగా తిప్పి, ఓపిక తగ్గాక తాళం నా చేతిలో పెట్టాడు. "ఇది నీ మాటనే ఇంటది బిడ్డా" అన్నాడు. తాండూరులో మా అత్తగారిది కందిపప్పు వ్యాపారం. ఆ ఇంట్లో కారు నడపడం వచ్చింది నాకొక్కదానికే. అనంతగిరి గుట్ట ఎక్కాలన్నా, పుట్టింటికి పోవాలన్నా ఒకరి మొహం చూడనక్కర్లేని బతుకు నాకు ఆ కారు వల్లే వచ్చింది. మామయ్య మాత్రం ఇన్నేళ్లూ దాన్ని 'మీ నాయిన కారు' అనే పిలిచాడు.

ఇప్పుడు ఆయన మెట్ల మీద నిలబడి తీర్పు చెప్పేశాడు. "పూజైనంక కదలని బండి ఇంట్ల ఉండొద్దు. కొడంగల్ ఆయన దీన్ని కొంటనని ఎప్పటిసంది అడుగుతుండు. రేపు పొద్దుగాల ఫోన్ చేస్త."

మామయ్య ఒకసారి అన్నాడంటే అన్నట్టే. నాకు కోపం వచ్చింది. ఆపదలో నాకు అక్కరకొచ్చే చుట్టం ఆ కోపమే.

"బ్యాటరీ పోయింది వదినా, నూకుదాం" అన్నాడు మరిది.

"బ్యాటరీ పోతే సెల్ఫ్ గింత గట్టిగ తిరుగుతదా?" అన్నాను.

మామయ్య తోయడానికి అసలే ఒప్పుకోలేదు. నిమ్మకాయలను బండి తనంతట తాను తొక్కాలట, మనుషులు తోసి తొక్కిస్తే అది మొక్కు ఎగ్గొట్టడమేనట. మెకానిక్‌కు ఫోన్ చేస్తే, "అమ్మా, పానాలన్నీ పూజల ఉన్నయి, రేపటిదాంక ముట్ట" అన్నాడు. తప్పు పట్టలేం, ఆయుధపూజ నాడు పనిముట్లు ఎవరూ ముట్టరు. మా పనిముట్ల పెట్టె కూడా పూజగదిలో, పప్పు తూచే తరాజు పక్కన, పసుపు కుంకుమలతో పెళ్లికూతురిలా కూర్చుని ఉంది. గుమ్మంలో అత్తమ్మ కాపలా.

"అత్తమ్మా, నా వేళ్లయితే పూజల పెట్టలే గద?"

ఆమె నా వేళ్లను ఎగాదిగా చూసింది. "వేళ్లకైతే ఏం కాదు" అంది.

బానెట్ ఎత్తాను. బండి మొరాయిస్తే తిట్టకు, అడుగు అనేవాడు మా నాయన. ఇంజనుకు కావలసింది గాలి, పెట్రోలు, నిప్పురవ్వ, అంతే. వాటిలో ఏది అందలేదో అదే అడగాలి. ముక్కు పెట్టి చూస్తే పెట్రోలు వాసన గుప్పుమంది. అంటే పెట్రోలు వస్తోంది, మండటం లేదు. గాలికి వచ్చిన కష్టమేమీ కనిపించలేదు. ఇక మిగిలింది నిప్పురవ్వ. నిన్న సాయంత్రం మార్కెట్ యార్డు దాకా చక్కగా తిరిగొచ్చిన కారుకు రాత్రికి రాత్రి నిప్పు ఎందుకు ఆరిపోయింది? చుట్టూ చూశాను. కొత్త చొక్కాలో మరిది, పక్కనే ఇంకా తడి ఆరని నీళ్ల పైపు.

"పొద్దుగాల కారు కడిగినవు గద. ఇంజనుకు గూడ పోసినవా?"

"పోసిన వదినా. మోటర్ పెట్టి మస్తు కడిగిన. పండుగ పూట లోపల మురికుంటే మంచిగుండదని."

పండక్కి మనుషులతో పాటు ఇంజనుకూ తలంటు పోశాడు మహానుభావుడు! నవ్వొచ్చింది. తిట్టాలనీ అనిపించింది. రెండూ చేశాను.

నిప్పురవ్వ కొట్టే నాలుగు ప్లగ్గులకు కరెంటు పంచే డబ్బా ఒకటుంటుంది, డిస్ట్రిబ్యూటర్. మా పాత కారులో దాని మూతకు ఉన్నవి క్లిప్పులే. పానా అక్కర్లేదు, బొటనవేలు చాలు. మూత లేపి చూస్తే లోపలంతా కళ్లాపి చల్లినట్టు నీటి బొట్లు. దొరికింది దొంగ! గట్టిగా అరిచాను కూడా. అత్తమ్మ పరుగున పోయి తన పాత నూలుచీర చింపి తెచ్చింది. మూత లోపలా బయటా తుడిచాను. ఒక వైరు పీకి, తుడిచి, దాన్ని దాని చోట గుచ్చాకే ఇంకోదాన్ని ముట్టాను. అన్నీ ఒకేసారి పీకితే ఏది ఎక్కడిదో తెలియక కొత్త తద్దినం మొదలవుతుంది.

తర్వాత బానెట్ తెరిచి ఎండకు వదిలేశాను. వాకిట్లో పరిచిన తాండూరు బండలు సెగలు కక్కుతున్నాయి. దసరా నాడు కనిపిస్తే శుభమని వాడకట్టు వాళ్లంతా పాలపిట్టను చూడటానికి ఊరి బయటికి బయలుదేరుతున్నారు. పోతూ పోతూ ప్రతివాళ్లూ "ఇంకా కదల్లేదా?" అని ఒక మాట వేసి పోయారు. పొద్దు వాలుతోంది. మామయ్య గడియారం చూసుకున్నాడు.

ఇక ఆగి లాభం లేదని డిస్ట్రిబ్యూటర్ మూత బిగించి, బానెట్ దించి సీట్లో కూర్చున్నాను. లోపల పెట్రోలు ఎక్కువై ఉంటుంది కాబట్టి యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కిపెట్టి తాళం తిప్పాను. కారు దగ్గింది. తుమ్మింది. నల్లటి పొగ ఒకటి వదిలి, గర్రుమని అందుకుంది! గేరు వేశాను. నిమ్మకాయలు టప్పున చిట్లాయి. అత్తమ్మ చప్పట్లు కొట్టింది. నాకైతే అక్కడే కారు దిగి బతుకమ్మ ఆడాలనిపించింది.

ఇంటిల్లిపాదీ కారెక్కి పోతుంటే, పెద్దేముల్ దారిలో కందిచేల పక్కన కరెంటు తీగ మీద పాలపిట్ట కనిపించింది. "ఆపు బిడ్డా" అన్నాడు ముందు సీట్లోని మామయ్య. ఆ వెంటనే, "ఇంజను ఆర్పకు!" అని కారులో ఉన్నవాళ్లంతా ఒక్కసారే అరిచారు. నేను కావాలనే ఆర్పాను. అందరూ దిగి దండం పెట్టుకుని వచ్చాక తాళం ఇలా తిప్పానో లేదో, అలా స్టార్టయింది.

తెల్లారి పాలు పొయ్యి మీద పెట్టి నిలబడ్డాను. ముందు గదిలో మామయ్య ఫోన్ కలుపుతున్న చప్పుడు. అన్న మాట తప్పే మనిషి కాదు కదా, నేను పాలు మరిచి చెవులు రిక్కించాను.

"కొడంగలాయనేనా? ఫోన్ చేస్తనని నిన్న నలుగురి ముంగట అన్న, అందుకే చేస్తున్న. గా కారు కోసం మళ్ల అడగకు. అది మా ఇంటి బండి."

పాలు పొంగి పొయ్యంతా పారాయి. పోతే పోయాయి.