రంగం చెర నుంచి మా ఆయన్ని ప్రభువు విడిపించిన విధం

సహోదరులారా, సహోదరీలారా, భర్త బ్రతికున్నాడో లేడో తెలియని ఆడదానికి తెల్లవారడం ఎంత భారమో నేనెరుగుదును, ఆ భారం దించినవాడు దేవుడే గనుక ఆయనకే మహిమ!

మా కోటబొమ్మాళి వైపు నుంచి పొట్ట చేతబట్టుకుని రంగం, అంటే రంగూను, వెళ్ళినవాళ్ళు వీధికి ఒకరైనా ఉంటారు, మేమూ అలా వెళ్ళినవాళ్ళమే. అక్కడే మా ఆయన ప్రభువును తెలుసుకుని, బాప్తిస్మం పొంది, తెలుగు క్రైస్తవుల గుడి బడిలో పిల్లలకు పాఠాలు చెప్పేవారు. ఆ దేశంలో సైనికుల ప్రభుత్వం వచ్చి బళ్ళు తీసేసుకుంది, గుంపుగా కూడవద్దంది. మా ఆయన వింటారా! ఆ దేశపువాళ్ళే అయిన కరెన్ జాతి విశ్వాసుల ఇంట్లో ప్రార్థన నడిపిస్తుండగా సిపాయిలు వచ్చి ఆయన్నీ, ఆ ఇంటి అన్నదమ్ములనీ పట్టుకుపోయారు. నన్నూ పిల్లలనూ కాందిశీకుల ఓడ ఎక్కించేశారు. ఆయన లేకుండానే విశాఖపట్నం రేవులో దిగాను.

మా బావగారు, అంటే మా ఆయన అన్నగారు, మన విశ్వాసం కాదు, అయినా తమ్ముడి కోసం కాళ్ళరిగేలా తిరిగారు. శ్రీకాకుళం కలెక్టరు కచేరీలో అర్జీ పెట్టారు, అది ఢిల్లీకి పోయింది, ఢిల్లీ నుంచి రంగూనులోని మన రాయబార కార్యాలయానికి పోయింది. ఎన్నాళ్ళకో జవాబొచ్చింది, ఆ పేరుగల మనిషి మా జైళ్ళలో లేడని ఆ దేశంవారు చెప్పారట! మా తోడికోడలు నా చేతులు పట్టుకుని, "ఇంకేటి సూస్తావే, గాజులు తీసీయే, లోకం ఏటంటాది?" అని ఏడ్చింది. నా మీద ప్రేమతోనే అన్నది గానీ నా గుండె చెరువైపోయింది.

"ప్రభువా, మా పిల్లల నాన్నని ఆ ఇనప తలుపుల్లోంచి తియ్యి తండ్రీ, ఆయనుంటే ఉన్నాడని సెప్పు, లేపోతే నన్నూ తీసుకుపో" అని మొత్తుకున్నాను. ఆ ఆదివారం మా పాస్టరయ్యగారు, మంచి కాపరి గొర్రెలను పేరు పెట్టి పిలుస్తాడని ప్రసంగిస్తున్నారు. వింటూ వింటూ ఉలిక్కిపడ్డాను. కచేరీలో ఏ పేరు చెప్పి ఉంటారు? ఇంటికి పరుగెత్తి తలుపు చాటున నిలబడి, "బావగారూ, అర్జీలో ఏ పేరు రాయించినారండీ?" అని అడిగాను.

"ఇంకే పేరమ్మా, మా అమ్మా అయ్యా ఎట్టిందే. సింహాచలం!" అన్నారు.

అయ్యో, రంగూనులో ఆ పేరు ఎవరికి తెలుసు! బాప్తిస్మం పొందిన నాటి నుంచి బడిలోనూ బయటా ఆయనది వేరే పేరు. మా పెద్దపిల్లాడి చేత ఆ పేరు బావగారికి చెప్పించాను, సరేనని మళ్ళీ వెళ్ళారు. కానీ కచేరీలో అధికారి ఒప్పుకోలేదు, ఈ రెండు పేర్లూ ఒక్క మనిషివేనని భార్య వచ్చి నోటితో చెప్పాలన్నారు. మొగుడి పేరు పలికితే ఆయుష్షు తరుగుతుందని విని పెరిగినదాన్ని నేను. ప్రభువును నమ్ముకున్నా ఆ భయం మాత్రం నన్ను వదల్లేదు. దేవుడికైతే పేరు చెప్పక్కర్లేదు, సర్కారుకి చెప్పాలి కదా!

వెళ్ళి ఆ అధికారి బల్ల ముందు నిలబడ్డాను. పక్కన బావగారు, ఆయన ఎదుట నేను గట్టిగా మాట్లాడి ఎరుగను. ప్రభువా నా నోరు తెరువు అని లోపలే వేడుకుని, కళ్ళు మూసుకుని, "యోహానండీ! మా ఆయన పేరు యోహానండీ!" అని అరిచేశాను, గుమాస్తాలందరూ రాతలాపి నన్నే చూశారు. బావగారు తువ్వాలుతో మొహం తుడుచుకుని, "సెప్పీసినావు కదమ్మా, ఇంక ఆడికేటీ అవదు" అన్నారు.

ఏమీ అవలేదు, స్తోత్రం! ఆ అధికారి మళ్ళీ రాశారు, ఢిల్లీవారు మళ్ళీ కదిలారు, రంగూనులోని మనవారు ఈసారి సరైన పేరుతో అడిగారు, కాదన్నకొద్దీ అడిగారు, చివరికి ఉన్నాడని ఆ దేశంవారు ఒప్పుకున్నారు! మళ్ళీ అక్కడ అడుగు పెట్టకూడదని షరతు పెట్టి ఓడ ఎక్కించారు. రేవులో నేను ఆయన్ని గుర్తుపట్టలేదు, బావగారే గుర్తుపట్టి ఎండుకట్టెలా ఉన్న తమ్ముణ్ణి వాటేసుకుని బావురుమన్నారు. నాకు మాత్రం నవ్వొచ్చింది, ఎందుకో తెలియదు, ఎంత ఆపుకున్నా ఆగలేదు.

ఇంటికొచ్చాక అన్నం పెడితే ముద్ద ఎత్తకుండా కూర్చున్నారు. జైల్లో రక్తవిరేచనాలు పట్టుకున్నప్పుడు ఆ కరెన్ అన్నదమ్ములు తమ గంజి ఈయనకి పోసి బ్రతికించారట. "నా కోసం అడగడానికి మన సర్కారున్నాది. ఆల్లని చెరలో ఎట్టింది ఆల్ల సర్కారే. ఆల్ల కోసం ఎవులడుగుతారే?" అన్నారు.

సహోదరులారా, మీలో ఎవరి ముందు ఏ తలుపు మూసుకుపోయి ఉన్నా ప్రభువుని నమ్మండి, ఆయన తియ్యలేని గడియ లేదు, అదిగో, గోడవార కూర్చున్న ఆ మనిషే రుజువు! నా స్తోత్రం మాత్రం నా ఒక్క ఇంటితో ఆగకూడదు. ఆ అన్నదమ్ములు ఈ పూట కూడా అక్కడే ఉన్నారు. ఇళ్ళకు తొందరపడకండి, మోకాళ్ళ మీదికి రండి, వాళ్ళ కోసం అడిగేవాళ్ళు ఈ భూమ్మీద మనమే.