ముందు పాతది తీయాలి

మొన్న ఆదివారం పొద్దున్నే మా తమ్ముడి కూతురు ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని ఇంటికి వచ్చింది. టీ పెట్టనా అంటే తర్వాత అంది, ఉప్మా తింటావా అంటే అదీ తర్వాతే అంది, తిన్నగా వచ్చి నా మంచం మీద కూర్చుని ఆ పెట్టె తెరిచి నావైపు తిప్పింది. నేను ఉద్యోగం చేసి రిటైరైన ట్రాక్టర్ల ఫ్యాక్టరీలోనే ఇప్పుడు ఈ పిల్లా పనిచేస్తోంది. ఏ పని ఎలా చేయాలో రాసిపెట్టిన పేజీలన్నీ ఇప్పుడు కంప్యూటర్లోనే ఉంటాయి కదా, బయటివాళ్లకు కనపడకుండా కంపెనీ వాళ్లు మాత్రమే చూసుకునేవి, వాటిలో కాలం చెల్లినవి ఏరి తీసేసే పని ఈ నెల దాని నెత్తిన పడిందట. అలా ఏరుతూ పోతుంటే ఒక పేజీ దగ్గర, యజమాని అని ఉన్నచోట, నా పేరు కనిపించిందట. ఏళ్ల తరబడి దాన్ని ఎవరూ తెరవనే లేదు అత్తా, సరే అంటే తీసేస్తాను అంది.

కళ్లజోడు పెట్టుకుని చూశాను. వెనక ఇరుసు మూత బిగించే పద్ధతి. నేనే టైపు చేసిన పేజీ. మా పిల్ల వేలు మీట మీద పెట్టి నా సరే కోసం చూస్తోంది, నేనేమో కళ్లజోడు తీసి కొంగుతో కళ్లు తుడుచుకున్నాను. పేజీ తీసేయడానికి కూడా కళ్లనీళ్లు పెట్టుకుంటారా అని అది నవ్వింది. దానికేం తెలుసు పాపం, ఆ పేజీకి ముందున్న కాగితం వల్ల ఒక మనిషి ఉద్యోగం పోబోయిందని, పోగొట్టబోయింది తన మేనత్తేనని.

మన ఈడువాళ్లకు గుర్తుండే ఉంటుంది, టైపు పరీక్ష పాసైతే చాలు, బతుకు గట్టెక్కినట్టే అనుకునే రోజులవి. జహీరాబాద్ బస్టాండు పక్కన ఇన్‌స్టిట్యూట్‌లో ఇంగ్లీషూ తెలుగూ రెండూ నేర్చుకుని, జడ బిగించి, మా నాన్న చెప్పుల జత కొనిపెడితే వేసుకుని ఫ్యాక్టరీలో చేరాను. నన్ను వేసిన గది చిన్నది. ఒక ఇనుప బీరువా, రెండు టైపు మిషన్లు, కాపీలు తీసే సైక్లోస్టైల్ యంత్రం ఒకటి, దాని సిరా వాసన. ఫ్యాక్టరీలో ప్రతి బల్ల దగ్గరా అక్కడి పని ఎలా చేయాలో రాసిన కాగితం ప్లాస్టిక్ కవరులో మేకుకు వేలాడుతుండేది. ఆ కాగితాలన్నీ పుట్టేదీ మా గదిలోనే, వాటి ఆయుష్షు తీరితే తిరిగొచ్చేదీ మా గదికే.

ఆ గదికి పెద్ద ఒక ముసలాయన. మేనేజరుతో సహా అందరూ ఆయన్ని చాచా అనే పిలిచేవారు. ఉర్దూ మీడియంలో చదివి, తెలుగు రాయడం పెద్దయ్యాక నేర్చుకున్నవాడు కాబట్టి ఆయన తెలుగు అక్షరాలు ఒక్కొక్కటీ విడివిడిగా, బడిపిల్లలు రాసినట్టు గుండ్రంగా ఉండేవి. మనిషి మెత్తన, ఆయన పెట్టిన కట్టుబాట్లు మాత్రం గట్టివి. కొత్త కాగితం వచ్చిందంటే ముందు బల్ల దగ్గరికి పోయి పాతది తీయాలి, తీసి గదికి తేవాలి, ఆ తర్వాతే కొత్తది పట్టుకెళ్లాలి. ఒక బల్ల మీద ఒక్క నిమిషమైనా రెండు కాగితాలు ఉండకూడదు. రెండుసార్లు తిరగడమెందుకు చాచా, ఒకేసారి మార్చేస్తే పోతుంది కదా అని నేను విసుక్కుంటే వినీ విననట్టు ఊరుకునేవాడు. తెచ్చిన పాత కాగితం మీద ఎర్ర పెన్సిలుతో మూల నుంచి మూలకు గీత గీసి, వెనకవైపు ఎందుకు రద్దయిందో రాసి, ఆ బల్ల దగ్గర పనిచేసే మనిషి చేత సంతకం పెట్టించి బీరువాలో దాచేవాడు. పనిచేసేవాణ్ని అడగకుండా కాగితం రద్దు చేయడం ఆయన లెక్కలో పెద్ద తప్పు. ప్రతి శుక్రవారం నమాజుకు పోయేముందు ఫ్యాక్టరీ అంతా ఒక చుట్టు తిరిగి, బల్ల బల్ల దగ్గరా ఆగి, ఇండ్ల రాసింది ఇంకా సహీ ఉన్నదా అని, అంటే ఇందులో రాసింది ఇప్పటికీ సరిగ్గానే ఉందా అని, అడిగేవాడు. మొదట్లో నాకు నవ్వొచ్చేది.

వెనక ఇరుసు మూత బిగించే బల్ల దగ్గర న్యాల్‌కల్ ఊరి ఫిట్టరు ఒకడు ఉండేవాడు. మా అమ్మ పుట్టిల్లు న్యాల్‌కల్ కాబట్టి నేను ఆయన్ని అన్నా అనేదాన్ని, ఆయన నన్ను చెల్లె అనేవాడు. చిన్నప్పుడు బీదర్‌లో మేనమామ ఇంట్లో ఉండి కన్నడంలో చదువుకున్నాడు. కంపెనీ కాగితం ఇంగ్లీషులో వచ్చేది, దాని కింద నేను తెలుగు చేర్చేదాన్ని, ఈ అన్న ఆ రెండింటి పక్కన ఖాళీలో పెన్సిలుతో సన్నగా కన్నడంలో తన గుర్తులు రాసుకునేవాడు. పని మాత్రం బంగారం. ఏళ్లుగా టెంపరరీగా చేస్తూ, ఆ నెలాఖరుకు పర్మినెంటు అవుతాడని పేరు కూడా జాబితాలో ఎక్కింది. పర్మినెంటు అయితే భార్యనూ పిల్లలనూ తెచ్చుకుందామని జహీరాబాద్‌లో ఒక గది కూడా చూసిపెట్టుకున్నాడు. కనిపించిన ప్రతిసారీ ఆ గది కిటికీ గురించీ, నల్లా గురించీ చెప్పేవాడు.

ఆ నెలలోనే ఇరుసు మూతకు వేరే రకం బోల్టులు వచ్చాయి. పాతవాటిని బిగించినంత గట్టిగా వీటిని బిగిస్తే సాగిపోయి నూనె కారుతుందట, కాబట్టి కొత్త కాగితం. పట్టుకుని బయల్దేరాను, నా తెలివికి మొక్కాలి, పాతదీ కొత్తదీ ఒకే తిరుగుడులో ముగించేద్దామని. పోయేసరికి అన్న టీకి వెళ్లాడు. పాత కాగితం తీయబోతే దాని నిండా ఆయన కన్నడం గుర్తులు. అవన్నీ పోతే పాపం ఎలా అనిపించింది. సరే, సాయంత్రం దాకా ఉండనీ, ఎత్తి రాసుకున్నాక తీసుకుపోదాం అనుకుని, అదే కవరులో కొత్తది ముందువైపూ, పాతది వెనకవైపు కనపడేలా పెట్టి వచ్చేశాను. అంతటితో ఆగానా, పాతది తిరిగి చేరినట్టు రిజిస్టరులో సంతకం కూడా పెట్టేశాను, ఎలాగూ సాయంత్రం తెస్తాను కదా అని. సాయంత్రం బస్సు తప్పిపోతుందని పరుగెత్తాను. మర్నాడు ఆ సంగతే గుర్తులేదు.

అన్న టీ తాగి వచ్చి అలవాటు కొద్దీ తన పెన్సిలు గుర్తుల కోసం కవరు తిప్పి, ఆవైపే చూసుకుంటూ పని చేశాడు, చేయి వదిలితే కవరు మళ్లీ ముందువైపుకే తిరిగి వేలాడేది. కొత్త కాగితం వచ్చిన సంగతి ఆయనకు ఎవరూ చెప్పనే లేదు. చెప్పాల్సింది నేను. మూడో రోజు యార్డులో నిలబెట్టిన ట్రాక్టర్ల కింద నూనె మరకలు కనిపించాయి. అన్నింటినీ లోపలికి తోలుకొచ్చి మూతలు విప్పి మళ్లీ బిగించారు. సూపర్‌వైజరు బల్ల దగ్గరికి పోయి చూస్తే ఎదురుగా కొత్త కాగితమే వేలాడుతోంది. ఇంకేముంది, కళ్లముందున్నది చూడని మనిషి పర్మినెంటుకు తగడని రిపోర్టు రాశాడు.

ఆ రిపోర్టు టైపు చేయడానికి నా దగ్గరికే వచ్చింది. కాగితం మిషనుకు ఎక్కించాను. అన్న పేరు కొట్టాను, బల్ల నంబరు కొట్టాను, కొత్త సూచన ఎదుటే ఉన్నా పాటించలేదు అన్న వాక్యం దగ్గర నా వేళ్లు కదల్లేదు. నా ఉద్యోగం కూడా అప్పటికి ఖాయం కాలేదు, ఇంట్లో మొదటి జీతం నాదే. నోరు మూసుకుంటే సరిపోయేది, రిజిస్టరులో నా సంతకం నిక్షేపంగా ఉంది. ఆ మాట కూడా మనసులో అనుకున్నాను, అబద్ధమెందుకు. చాచా ఎప్పుడు లేచాడో చూడలేదు. బీరువా తెరిచి, ఎర్ర గీతల కాగితాలన్నీ ఒకటొకటిగా తిరగేసి, మళ్లీ మూసి నా పక్కన వచ్చి నిలబడ్డాడు.

"బిడ్డా, పాత కాయిదం ఏది?"

అంతే అడిగాడు. నేను భోరున ఏడ్చి అంతా చెప్పాను. ఆయన తిట్టలేదు, ఓదార్చనూ లేదు, మిషన్లోంచి రిపోర్టు తీసి మడిచి జేబులో పెట్టుకుని, నన్ను వెంటబెట్టుకుని సూపర్‌వైజరు గదికి నడిచాడు. అక్కడ నేను నోరు తెరిచేలోపే, తప్పు మా గదిది సాబ్, ఒక్క బల్లమీద రెండు కాయిదాలు పెట్టింది మేమే అన్నాడు. మేమే అన్నాడు చూడండి, ఆ మాట ఇప్పటికీ నా చెవుల్లోనే ఉంది. అప్పుడు నేను ముందుకొచ్చి, మేము కాదు సార్, నేనొక్కదాన్నే అన్నాను.

నాకు మెమో ఇచ్చారు, ఉద్యోగం ఖాయం కావడం ఒక ఏడాది వెనక్కి పోయింది, మా నాన్న పది రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు. అన్న పేరు జాబితాలో నిలిచింది. ఆయన కూడా వారం రోజులు నా వంక చూడలేదు, చూడకపోవడమే న్యాయం. తర్వాత ఒకనాడు తనంతట తానే గదికి వచ్చి కూర్చుని, నా నౌకరి పోతుండె చెల్లె అన్నాడు. ఆ ఒక్క మాటతో కోపం తీర్చుకున్నాడు. ఆ రోజే చాచా ఆ పాత కాగితం మా మధ్య పెట్టి, ఆ కన్నడం గుర్తులన్నీ చదివించి నా చేత తెలుగులో రాయించాడు. చాలావరకు కాగితంలో ఉన్నవే, ఒక్కటి మాత్రం ఎక్కడా లేదు. చలికాలం పొద్దుటి డ్యూటీలో రబ్బరు రింగు గట్టిపడిపోతుంది కాబట్టి మూత పెట్టేముందు దాన్ని కాసేపు అరచేతుల మధ్య వెచ్చబరచాలి. మేనేజరు ఒప్పుకున్నాక ఆ మాట కొత్త కాగితంలోకి ఎక్కింది. చాచా పోయాక, కాగితాలు కంప్యూటర్లోకి మారినప్పుడు, అదే మాట నా చేత్తోనే ఆ పేజీలోకి ఎక్కించాను.

ఇదంతా మా పిల్లకు చెప్పేసరికి పొద్దెక్కింది. అది నెమ్మదిగా, ఇప్పటి ట్రాక్టర్లలో ఆ రింగే లేదత్తా, మూత బిగించేది కూడా మిషనే అంది. ఉంచేయమంటావా అని జాలిగా అడిగింది. ఉంచేయమని అనబోయి నాలుక కరుచుకున్నాను. వెనకటికి నన్ను ముంచింది ఈ జాలే కదా. ఉండు, అడగాల్సిన మనిషి ఒకడున్నాడని చెప్పి ఫోను అందుకున్నాను.

అన్న ఇప్పుడు న్యాల్‌కల్‌లో అల్లం వేసుకుంటున్నాడు. చేనులోనే ఉన్నాడు, గాలి హోరు వినిపిస్తోంది. సంగతంతా విని, రింగు మాట అండ్ల ఉన్నదా అని అడిగాడు. ఉందన్నాను. ఇప్పుడు రింగే లేదట అని కూడా చెప్పాను. అది విని నవ్వాడు.

"తీసెయ్ చెల్లె. ఈసారన్నా పొద్దుగూకేదాక ఆగకు, ఇప్పుడే తీసెయ్."

మా పిల్ల మీట నొక్కింది. గీత లేదు, చప్పుడు లేదు, పేజీ పోయింది. ఎందుకు తీశారో రాయమని ఒక గడి వచ్చింది. కాలం చెల్లింది అని రాయబోతుంటే ఆపి, ఈ బల్ల దగ్గర పనిచేసిన మనిషిని అడిగి తీశాం అని రాయించాను. అప్పుడు టీ అడిగింది. తాగుతూ, ఇంకా బోలెడు పేజీలున్నాయత్తా, చాలావాటికి ఎవరి పేరూ లేదు, వాటికి ఎవరిని అడగాలి అంది. గ్లాసు కడగడానికని లేచాను. తిరిగి వచ్చి కళ్లజోడు పెట్టుకుని, మొదటిది ఏ బల్లదో చదవమన్నాను.