మంచానికి వేలాడిన ఇటుకలు

మొన్న బాత్‌రూములో జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకుని, నంద్యాలలో ఒక ఆసుపత్రి మంచమెక్కాను. ముప్పై ఏళ్ళకు పైగా నర్సుగా చేసి, పడిపోయిన ముసలివాళ్ళను ఎందరినో లేపి కూర్చోబెట్టినదాన్ని, తీరా నా వంతు వచ్చేసరికి రేపటి ఆపరేషను తలచుకుంటేనే భయమేస్తోంది. నేను దొర్లిపడకుండా మంచానికి రెండువైపులా లేపిన కటకటాల మధ్య పడుకుని ఉంటే, ఆళ్ళగడ్డలో కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజుల నాటి ఒక అవ్వ గుర్తుకొచ్చింది. గుర్తుకు రావడమేమిటి, ఆవిడ నన్ను వదిలిపోయిందెప్పుడు?

రుద్రవరం వైపు పల్లె నుంచి తెచ్చారు ఆవిడను. కడిగిన బండల మీద జారి తొడ ఎముక విరిగింది. నా ఈడువాళ్ళకు తెలిసే ఉంటుంది, అప్పట్లో మాబోటి చిన్న ఆసుపత్రుల్లో రాడ్డు వేసే ఆపరేషన్లు ఎక్కడివి! కాలికి పట్టీ చుట్టి, దానికి తాడు కట్టి, మంచం చివర ఇటుకలు వేలాడదీసేవాళ్ళం. ఆ బరువు కాలిని వారాల తరబడి లాగిపట్టి ఉంచితేనే ఎముక వరసకు వచ్చి అతుక్కుంటుంది. ఎంత చెప్పినా ఇది చుట్టాల తలకెక్కేది కాదు. రాళ్ళు కట్టి ముసలిదాన్ని హింస పెడుతున్నామని, మేము అటు తిరగగానే, బరువు దానిమీద ఆనేలా ఇటుకల కిందికి స్టూలు జరిపేవాళ్ళు. అవ్వ కోడలైతే రోజుకు రెండుసార్లు జరిపేది, రెండుసార్లూ నేను ఆమెతో పోట్లాడి లాగేసేదాన్ని. పెద్ద డాక్టరంటే మా అందరికీ హడలు. స్టూలు ఆయన కంటబడితే నా ఉద్యోగం ఊడినట్టే.

ఒక మధ్యాహ్నం కోడలు బట్టల కోసం ఊరికి పోయిన సమయంలో అవ్వ నా చేతులు పట్టుకుని ఏడ్చింది. "పానం పోతాంది పాపా. రోంతసేపు ఆ రాళ్ళు దించు, నీ కాళ్ళు మొక్కుతా," అంది. అందరికీ నీతులు చెప్పిన నేనే, అటూ ఇటూ చూసి స్టూలు జరిపాను. ఐదు నిమిషాలే అనుకున్నాను, ఇంతలో కాన్పు కేసు వచ్చిందని పిలిస్తే పరుగెత్తి, ఆ హడావిడిలో స్టూలు మాటే మరిచిపోయాను. గుర్తుకొచ్చి పరుగున తిరిగొచ్చేసరికి, పెద్ద డాక్టరు ఆ మంచం దగ్గరే నిలబడి, ఎవరు పెట్టారని గద్దిస్తున్నాడు. నేను గుమ్మంలోనే గోడకు అతుక్కుపోయాను.

అవ్వ నా ముఖం ఒకసారి చూసి, "నా కోడలు పెట్టిపోయింది సారూ. దానికేం తెల్సు, ఎర్రిది," అంది.

మర్నాడు ఆ కోడలు వార్డందరి ముందూ చీవాట్లు తింది. ఆమె అత్తను చూసింది, నన్ను చూసింది, ఒక్క మాట అనలేదు. నేనూ అనలేదు.

ఎముక అతికింది గానీ కాలు కాస్త పొట్టిదైంది. కొన్నాళ్ళకు ఆళ్ళగడ్డ బస్టాండులో, అవ్వ కోడలి భుజం పట్టుకుని కుంటుతూ వచ్చి, "బాగుండావా పాపా?" అని నా చెంప నిమిరింది. నేను తలెత్తలేకపోయాను. ఆ కుంటు కోడలు రోజూ జరిపిన స్టూలు వల్లనో, నేను మరిచిపోయిన ఆ గంట వల్లనో ఎవరూ చెప్పలేరు. తప్పు నాదేనేమోనన్న భయం మాత్రం నాతోనే ముసలిదైంది.

నిన్న సాయంత్రం, ఈ కటకటాల మధ్య ఊపిరాడటం లేదని బతిమాలితే, ఇక్కడి చిన్న నర్సు ఒకవైపుది దించింది. అంతలో ఎవరో పిలిస్తే వెళ్ళింది. పెద్ద సిస్టరు వచ్చి చూసి, ఎవరు దించారని నిలదీసింది. ఆమె వెనక గుమ్మంలో ఆ పిల్ల, ముఖంలో నెత్తురు చుక్క లేకుండా నిలబడి ఉంది.

"నేనే దించుకున్నానమ్మా," అన్నాను. నర్సుగా చేసిన దానికి ఆ మాత్రం తెలియదా అని నాలుగు చీవాట్లు పడ్డాయి, తిన్నాను.

ఇటుకలు పోయాయి, తాళ్ళు పోయాయి. ఆపరేషనైన మర్నాడే నిలబెడతారట, వింటేనే నాకు వణుకు. మా కాలంలో ఇంత వైద్యం ఉంటే అవ్వ తిన్నగా నడిచేదే. ఇన్నేళ్ళూ ఆవిడ ధైర్యం గలదని అనుకున్నాను, కాదు. ఇప్పుడు నేను భయపడుతున్నట్టే తనూ భయపడుతూ, ఎదుట వణుకుతున్న పిల్లను చూసింది, అంతే. నేను తినవలసిన చీవాట్లు తిన్న ఆ కోడలు ఎక్కడుందో, ఉందో లేదో, ఇప్పుడు ఎవరినడగను?