కారులో కరెంటు పోయిన మధ్యాహ్నం

మమ్మల్ని మంగంపేటకు కొంచెం దూరంలో ఒక బడి దగ్గర దించారు. వాన అప్పటికి ఆగింది. మైదానం నిండా బూడిదరంగు బురద. బూటు పెడితే చీలమండ దాకా దిగుతోంది. ఎప్పుడూ ఎండిపోయి ఉండే వంకలన్నీ ఒక్కసారిగా పొంగి ఊళ్లను ఒకదానికొకటి అందకుండా కోసేశాయి. మాకిచ్చిన పని మూడు ముక్కల్లో చెప్పారు. జనాన్ని పడవల్లో తేవాలి. మందులు పంచాలి. నడవలేనివాళ్లను ఆసుపత్రికి చేర్చాలి.

నేను సైన్యంలో వాహనాల ఎలక్ట్రీషియన్‌ని. పాలిటెక్నిక్ చదివి చేరాను. మాది డోన్. ఆ దళంలో తెలుగు వచ్చినవాణ్ని నేనొక్కణ్నే. నా సంచిలో మల్టీమీటరు, టెస్ట్ ల్యాంపు, స్పానర్లు, గరుకు కాగితం, ఒక జత జంపర్ కేబుళ్లు ఉండేవి.

తెగిన కల్వర్టు మీద పరిచిన రాళ్లు మా లారీల బరువు మోయలేవు. అందుకని ఆ ఊళ్లో బాడుగకు తిప్పే ఖాదర్ భాయ్ కారు మాట్లాడారు. ఇరవై ఏళ్లు దాటిన తెల్ల పెట్రోలు కారు. బానెట్ ఎత్తి చూశాను. లోపల ఎక్కడా తుప్పు లేదు. బ్యాటరీ కింది ఇనుప తట్ట నల్లగా నిగనిగలాడుతోంది. ప్రతి బోల్టుకూ కుంకుమ బొట్టు.

“ఏం సామీ, ఇంజను చూస్తాండావా, పెండ్లికూతురిని చూస్తాండావా?” అన్నాడు ఖాదర్ భాయ్.

“ఇంత శుభ్రంగా ఎవరు పెట్టినారు భాయ్?”

“ఇంకెవురు, నేనే. మా ఇంటిది తిడతాది. నీ మొగం కన్నా దీని మొగమే ఎక్కువ కడుగుతావు అని.”

మర్నాడు పొద్దున వాకీటాకీలో హవల్దార్ ఆదేశం వచ్చింది. ఊళ్లో ఒక రోగి ఉన్నాడు. కరెంటు లేదు. ఆక్సిజన్ సిలిండరు అయిపోతోంది. కొండ పక్కదారిలో కడపకు చేర్చాలి.

రోగి పేరు సుబ్బన్న. ముగ్గురాయి గనుల్లో పనిచేసి, ఆ దుమ్ముతో ఊపిరితిత్తులు పాడుచేసుకున్న మనిషి. మంచానికి అతుక్కుపోయి ఉన్నాడు. భార్య ఓబులమ్మ గుడ్డల మూట కట్టుకుని సిద్ధంగా కూర్చుంది. మా నర్సింగ్ అసిస్టెంట్ కేరళవాడు, తక్కువ మాటల మనిషి. గాలిలోంచి ఆక్సిజన్‌ను వేరుచేసే చిన్న యంత్రాన్ని వెనక సీటులో పెట్టి, గొట్టం రోగి ముక్కుకు తగిలించాడు. యంత్రం సొంత బ్యాటరీ పాతది, పట్టుమని పది నిమిషాలు నిలవదు. అందుకే దాన్ని కారు డాష్‌బోర్డు సాకెట్‌కు పెట్టాం.

“ఇది ఆగితే?” అని హిందీలో అడిగాను.

“ఆగకూడదు. అతనికి చెప్పొద్దు” అన్నాడు.

కొండ మలుపు తిరగగానే వాకీటాకీలో గరగర తప్ప ఏమీ లేదు. ఫోన్లలో సిగ్నల్ అంతకుముందే పోయింది. ఎదురుగా దారి నిండా గేదెలు. ఖాదర్ భాయ్ స్లో చేసి హారన్ కొట్టాడు. హారన్ సాగి, బొంగురుపోయి, ఆగింది. మీటర్ల ముళ్లు పడిపోయాయి. ఇంజను ఆగింది. వెనక యంత్రం తన బ్యాటరీ మీదికి మారి, బీప్, బీప్ అని మొదలుపెట్టింది.

“యా అల్లా! ఏమైందప్పా దీనికి?”

కీ తిప్పించాను. ఏమీ లేదు. హెడ్‌లైట్లు లేవు. హారన్ లేదు. డాష్‌బోర్డులో ఒక్క దీపం లేదు. అన్నీ ఒకేసారి పోయాయంటే తప్పు స్టార్టర్‌లో కాదు. బ్యాటరీలోనో, మెయిన్ ఫ్యూజులోనో, మందపాటి కేబుళ్లలోనో ఉండాలి. ఈ మాటలు పైకే చెప్పుకున్నాను.

బ్యాటరీ టెర్మినళ్లు బిగుతుగా ఉన్నాయి. మీటరు పెట్టాను. పన్నెండున్నర వోల్టులు. బ్యాటరీ బతికే ఉంది. మెయిన్ ఫ్యూజు తీసి చూశాను. బాగుంది. ఫ్యూజు పెట్టె దాకా కరెంటు వస్తోంది. మరి ఎక్కడ పోతోంది?

“నాయనా, ఈయన గోళ్లు నీలంగా అవుతాండాయి!” లోపల్నుంచి ఓబులమ్మ అరిచింది.

బీప్‌లు దగ్గరదగ్గరగా వచ్చాయి. ఒక్క పొడుగాటి కూత. తర్వాత నిశ్శబ్దం. ఆ కూత కన్నా ఆ నిశ్శబ్దమే భయంకరం.

యంత్రం వైరు కోసి నేరుగా బ్యాటరీకి కలుపుదామని కత్తి తీశాను. రెండు తీగలూ నలుపే. ఏది ఏదో తెలిపే గుర్తేమీ లేదు. తిరగేసి కలిపితే యంత్రం కాలిపోతుంది. కత్తి కింద పెట్టాను.

అప్పటిదాకా మీటరు నల్ల తీగ కొనను బ్యాటరీ నెగటివ్ మీదే ఉంచి చూస్తున్నాను. దాన్ని తీసి కారు బాడీకి ఆనించాను. సున్నా.

కారులో కరెంటు వెళ్లేది తీగల్లో. తిరిగి వచ్చేది బాడీ ఇనుములోంచి. ఆ ఇనుమును బ్యాటరీ నెగటివ్‌కు కలిపే మందపాటి కేబులే ఎర్త్. దాన్ని బాడీకి బిగించిన బోల్టు మీద కుంకుమ బొట్టు ఉంది. అన్నిటికన్నా శుభ్రంగా కనిపించిన చోటు కాబట్టి దాన్ని వదిలేశాను. వేలితో తిప్పితే కదిలింది.

“భాయ్, ఈ బోల్టు ఎప్పుడన్నా విప్పినావా?”

“ఆయుధపూజకు విప్పినా సామీ. స్టాండులో అందరం బండ్లు కడిగి రంగేసి పూజ చేస్తాం గదా. యాడా తుప్పు కనపడకూడదని తీసి, కింద రంగు రెండు పూతలు కొట్టి మళ్లా బిగిచ్చినా. ఏం, తప్పా?”

రంగులోంచి కరెంటు పోదు. ఇన్నాళ్లూ బోల్టు మరచుట్లు ఇనుముకు రాసుకుని ఆ కాస్త దారిలోనే కరెంటు నడిచింది. వంకల నీళ్లు, గుంతల కుదుపులు ఆ దారినీ మూసేశాయి. గీకడానికి వ్యవధి లేదు. జంపర్ కేబుల్ ఒక కొన బ్యాటరీ నెగటివ్‌కు పెట్టాను. రెండో కొన ఇంజనును పైకెత్తే కొక్కేనికి కరిపించాను. అక్కడ రంగు లేదు. చిటుక్కున నిప్పురవ్వ. ఇంకో కేబుల్‌తో ఇంజన్ని బాడీకి కలిపాను.

“కీ తిప్పు భాయ్!”

ఇంజను అందుకుంది.

“బతికినాం పో! ఇంగ ఆపొద్దు, కడప దాకా ఆపొద్దు!” అన్నాడు ఖాదర్ భాయ్. కేబుళ్లను గుడ్డపేలికలతో కట్టి, బానెట్ సగం తెరిచి తాడు బిగించి పోయాం. దారి పొడుగునా ఎవరూ హారన్ ముట్టలేదు.

ఆసుపత్రిలో స్ట్రెచర్ ఎక్కించేటప్పుడు సుబ్బన్న ఊపిరి తీస్తున్నాడు. అంతవరకే నాకు తెలుసు. బయట చెట్టు నీడలో బోల్టు విప్పి, ఇనుము తెల్లగా మెరిసేదాకా గీకాను.

“ఎంత కష్టపడి పూసినానో! నా చేతులతోనే కొంప ముంచబోతినే” అన్నాడు ఖాదర్ భాయ్. గరుకు కాగితం నా చేతిలోంచి తీసుకుని మిగతాది తనే గీకాడు.

నీళ్లు తగ్గాక మమ్మల్ని వెనక్కి పిలిచారు. లారీల్లో వెళ్లిపోయాం. తర్వాత నా సర్వీసు ముగిసి డోన్ చేరాను. “మిలట్రీలో శానా భయమేసింది యాడప్పా?” అని ఇక్కడివాళ్లు అడుగుతుంటారు. సరిహద్దు కథ ఏదో వస్తుందని ఎదురుచూస్తారు. నేను కొండ పక్కన ఆగిన ఆ కారు గురించే చెబుతాను. ఒక్కటి మాత్రం చెప్పలేక వదిలేస్తాను.

ఇంజను అందుకున్నాక వెనక తలుపు తెరిచి చూశాను. ఓబులమ్మ గొట్టాన్ని యంత్రం నుంచి పీకేసింది. ఆ కొన తన నోట్లో పెట్టుకుని, బుగ్గలు పొంగించి, మొగుడి ముక్కులోకి తన ఊపిరి ఊదుతోంది. నర్సింగ్ అసిస్టెంట్ గొట్టం లాక్కోబోయాడు. ఆమె వదల్లేదు. పక్కనే యంత్రం మళ్లీ ఝుమ్మంటోంది. ఆమెకు వినపడటం లేదు. కళ్లు గట్టిగా మూసుకుని ఊదుతూనే ఉంది.