తాగనివాడి లివరు

ఆ చుట్టుపక్కల వీధుల్లో రంగుల బాబాయ్‌ని ఎరగని ఇల్లు లేదు. చిన్నప్పటినుంచీ గోడలకు రంగులు వేయడమే అతని పని. తోడు అన్నయ్య. అన్నయ్య పాత రంగు గీకి, పుట్టీ పెట్టి, గరుకు కాగితంతో రుద్ది ఇస్తే, తమ్ముడు రోలరు పట్టుకునేవాడు. ఇద్దరిదీ ఒకే పోలిక, ఒకే నడక. సాయంత్రం చేతులు కడుక్కున్నాక మాత్రం దారులు వేరయ్యేవి. అన్నయ్య నేరుగా బారుకి, తమ్ముడు నేరుగా ఇంటికి. పెళ్లి విందుల్లో ఎంత బతిమాలినా రంగుల బాబాయ్ చుక్క ముట్టలేదు. వాసన పడదనేవాడు.

కుడి డొక్కలో ఏదో పట్టేసినట్టుంటే, కిడ్నీలో రాయేమోనని భార్య పోరు పెట్టి స్కాను తీయించింది. రాయి లేదు. లివరులో చిన్న గడ్డ ఉంది. మరో స్కాను, రక్తపరీక్షలు అయ్యాక లివర్ డాక్టరమ్మ ముందు కూర్చున్నారు.

"తాగుతారా?" అని అడిగిందావిడ.

"లేదమ్మా."

"ఎప్పుడైనా? సరదాకి?"

"నేను కాదమ్మా, మా అన్నయ్య తాగుతాడు" అన్నాడతను, అదేదో పొరపాటున తన ఖాతాలో పడినట్టు.

డాక్టరమ్మ నవ్వలేదు. అది క్యాన్సరేనని, చిన్నగా ఉండగానే దొరికిందని నెమ్మదిగా చెప్పింది. ఆ తర్వాత ఆవిడ చెప్పినవేవీ అతని చెవికెక్కలేదు. బల్లమీదున్న ప్లాస్టిక్ లివరు బొమ్మకేసి చూస్తూ, దీనికి మెరూన్ రంగు ఎవరు వేశారో అంచుల్లో సరిగ్గా వేయలేదనుకున్నాడు.

మర్నాడు అతను లేచేసరికి భార్య అతని పనిసంచీ బోర్లించి, ఒక్కో సీసా మూత తీసి వాసన చూస్తోంది. రంగు పల్చన చేసే థిన్నరు డబ్బా దగ్గర ఉక్కిరిబిక్కిరై దగ్గసాగింది.

"ఏంటే ఇది?"

"నిజం చెప్పండి. పనిలో ఉన్నప్పుడు మీ అన్నగారు పోస్తారా?"

అతనికి కోపం రాలేదు. తనకే తెలియకుండా ఎప్పుడైనా తాగానా అని ఓ క్షణం నిజంగానే ఆలోచించాడు.

మళ్లీ వెళ్లినప్పుడు డాక్టరమ్మ కాగితంమీద బొమ్మ గీసి మరీ చెప్పింది. కారణం తాగుడు కాదు, హెపటైటిస్ బి అనే వైరస్. రక్తంలో ఉండిపోయి, ఏళ్ల తరబడి లివర్ని లోపల్లోపలే పాడుచేస్తుంది.

"నాకెక్కడ అంటుకుందమ్మా?"

"మీ అమ్మగారికి ఉండుంటే, పుట్టేటప్పుడే వచ్చుండొచ్చు. కచ్చితంగా చెప్పలేం."

"అయితే ఇన్నేళ్లూ నాతోనే ఉందా? ఒక్కసారన్నా చెప్పలేదేం?"

"లివరు అంత తొందరగా నోరు విప్పదండీ. మీ భార్యకీ, అమ్మాయికీ, మీ అన్నయ్యగారికీ కూడా పరీక్ష చేయాలి."

భార్యకు లేదు. కూతురికి పసితనంలోనే టీకా పడింది. ఇక మిగిలింది అన్నయ్య. "నాకు పరీక్షేంట్రా, అందులో ఏముంటుందో అందరికీ తెలుసుగా" అంటూనే వచ్చి చెయ్యి చాపాడు. ఫలితం వచ్చింది. వైరస్ లేదు. లివరుకు కాస్త కొవ్వు పట్టిందని, తాగుడు మానెయ్యమని అన్నారు, అంతే.

ఆసుపత్రి మెట్లమీద అన్నయ్య కూలబడిపోయాడు. "ఒరేయ్, ఇదేం లెక్కరా? తాగింది నేను!" అని తలకొట్టుకున్నాడు. ఏమీ లేదన్నందుకు ఏడ్చే మనిషిని ఎలా ఓదార్చాలో రంగుల బాబాయ్‌కి పాలుపోలేదు. వీపుమీద చెయ్యి వేసి కూర్చున్నాడు. దారిన పోయేవాళ్లు జబ్బు అన్నయ్యదే అనుకుని జాలిగా చూశారు.

పొట్టపైనుంచి సూది గుచ్చి, దాని మొన వేడితో గడ్డను మాడ్చేస్తామని డాక్టరమ్మ చెప్పింది. వైరస్‌ను అణచడానికి రోజూ ఒక మాత్ర ఇచ్చింది. గుచ్చే తేదీ కూడా ఇచ్చారు. ఈలోగా దిగబడ్డాడు బావమరిది. ఫోన్లు బాగుచేసే దుకాణం అతనిది. ప్రాణం పెట్టే మనిషి, కాకపోతే ఫోనులో కనిపించిందల్లా వేదవాక్కు.

"బావా, చూడండి" అని తెర చూపించాడు. పసుపు సారం తగలగానే క్యాన్సరు కణాలు ముడుచుకుని చచ్చిపోతున్నాయి. "అంతా ప్రకృతిదే. హాని ఉండదు."

పసుపు సారం బిళ్లలు, గ్రీన్ టీ సారం బిళ్లలు, ఏదో ముళ్లచెట్టు గింజల పొడి తెచ్చి పెట్టాడు. కాఫీ మాత్రం విషమని మాన్పించాడు. రంగుల బాబాయ్ అన్నీ మింగాడు. నమ్మాడో, బావమరిది మొహం చూసి కాదనలేకపోయాడో అతనికే తెలియదు.

గుచ్చే రోజు పొద్దున్నే రక్తం తీశారు. కాసేపటికి డాక్టరమ్మ గబగబా వచ్చి అతని కనురెప్పలు లాగి చూసింది. కళ్లు పచ్చబడ్డాయి.

"లివరు బాగా వాచింది. ఇవాళ చేయడం కుదరదు. ఇంకేమైనా మందులు వాడుతున్నారా?"

"లేదమ్మా" అన్నాడు. అబద్ధమాడాననుకోలేదు. పసుపు మందెలా అవుతుంది?

భార్య మాత్రం సంచీలోంచి సీసాలు తీసి వరసగా పెట్టింది.

"ఇవి ప్రకృతివి కదమ్మా" అన్నాడు.

"విషపు పుట్టగొడుగులు కూడా ప్రకృతివేనండీ. తింటే ముందు పోయేది లివరే."

"అయితే పసుపు మంచిది కాదా?"

"కూరలో వేసే చిటికెడుతో గొడవేం లేదు. బిళ్లలో దాని సారాన్ని ఎన్నో రెట్లు కూరారు. గ్రీన్ టీ బిళ్లలూ అంతే. కొందరి లివర్ని దెబ్బతీస్తాయి. మీది వీటివల్లే వాచిందని నా అనుమానం."

"మరి ఆ వీడియోలో క్యాన్సరు చచ్చిపోతోంది?"

"గాజు పళ్లెంలో చచ్చింది. అది అబద్ధం కాదు, పరిశోధనలు జరుగుతూనే ఉన్నాయి. మనిషి ఒంట్లో గడ్డను తగ్గిస్తుందని మాత్రం ఇంకా రుజువు కాలేదు."

"కాఫీ మానేశానమ్మా."

"అదెందుకు మానేశారు? కాఫీ తాగేవాళ్లలో ఈ జబ్బు కాస్త తక్కువ కనిపిస్తోంది. ఎందుకో మాకూ పూర్తిగా తెలీదు. తాగాలనిపిస్తే తాగండి, మందనుకుని కాదు."

రంగుల బాబాయ్ బుర్ర గిర్రున తిరిగింది. మంచిదనుకున్నది దెబ్బకొట్టింది, విషమన్నది పర్వాలేదట. సంగతి తెలిసి బావమరిది ఇంటికొచ్చి గుమ్మంలోనే నిలబడిపోయాడు. "నా చేతులతో నేనే ఇచ్చాను బావా" అన్నాడు. "నువ్వు ఇచ్చావు, నేను మింగాను. లోపలికి రా" అన్నాడు రంగుల బాబాయ్.

సీసాలు చెత్తలోకి పోయాయి. వారం వారం రక్తం చూశారు. కళ్లలో పచ్చ తగ్గింది, అంకెలు దిగివచ్చాయి. అప్పుడు సూది గుచ్చారు. మత్తులోంచి తేరుకునేసరికి కుడి భుజం సలుపుతోంది. లివర్లో గుచ్చితే భుజం నొప్పేమిటని నర్సునడిగాడు. లోపల నరాలు అలా కలుస్తాయని, రెండ్రోజుల్లో పోతుందని ఆమె చెప్పింది. పోయింది కూడా.

భార్యకు టీకా వేస్తుంటే పక్కనే నిలబడి, "ఇది క్యాన్సరుకా?" అనడిగాడు.

"వైరస్‌కండీ. అది రాకపోతే, దానివల్ల వచ్చే క్యాన్సరూ రాదు" అంది నర్సు.

తర్వాతి స్కానులో గడ్డ ఉన్నచోట మాడిన మచ్చ తప్ప ఏమీ కనిపించలేదు. డాక్టరమ్మ సంతోషించింది. మాత్ర ఆపొద్దని, ఆర్నెల్లకోసారైనా స్కానుకు రావాల్సిందేనని చెప్పింది.

"ఇంతకీ ఇప్పుడు నేను రోగినా, కాదా?"

"ఇప్పటికి గడ్డ లేదు. మళ్లీ రాదని మాటివ్వలేను. వస్తే చిన్నగా ఉండగానే పట్టుకోవాలని పిలుస్తున్నాను."

అది అవునో కాదో అతనికి తేలలేదు. వారం పోయాక మళ్లీ పనిలోకి వెళ్లాడు. నిచ్చెన ఎక్కొద్దన్నారు కాబట్టి పైకప్పుకు రంగు అన్నయ్య వేస్తున్నాడు. తలమీద, చెవులమీద తెల్ల చుక్కలు. ఆ ఇంటి యజమానురాలు వచ్చి, "బాబాయ్, పూర్తిగా తగ్గిపోయినట్టేగా?" అంది.

"స్కానులో ఏం లేదన్నారమ్మా."

"అంటే తగ్గినట్టేగా?"

రంగుల బాబాయ్ అన్నయ్యకేసి చూశాడు. అన్నయ్య పైనుంచి భుజాలెగరేశాడు.

"అడిగి చెప్తానమ్మా" అని రోలరు తీసుకుని గోడవైపు తిరిగాడు.