పెళ్ళికూతురి బిందెలో దునై నది

నదుల పేర్లు చెప్పి పోలీసు చేతా, సొంత మామ్మ చేతా ఒకే పూట చీవాట్లు తిన్నవాడు మలయా మొత్తం మీద నేనొక్కణ్ణే అయ్యుంటాను. ఆ ఘోరం ఇప్పుడు చెప్పబోతున్నాను. నవ్వుకోండి, ఫర్వాలేదు. ఆ రోజు పెళ్ళిపందిరంతా నవ్వింది, మీరెంత?

బాగన్ దాతుక్ దగ్గర కొబ్బరి ఎస్టేటులో నేను తెలుగు బడి మేష్టర్ని. మెర్దేకాకి, అంటే మలయా స్వాతంత్ర్యానికి, ఇంకా ఏడాది ఉంది. అడవుల్లో కమ్యూనిస్టుల తిరుగుబాటు, దాని మీద తెల్లదొరల ఎమర్జెన్సీ నడుస్తోంది. చుట్టూ ముళ్ళకంచె, గేటు దగ్గర కాపలా, పదిమంది కూడితే పోలీసు అనుమతి. మాకు పురోహితుడు లేడు కనుక పాఠాలు చెప్పే నోటితోనే మంత్రాలూ చెప్పేవాణ్ణి. వచ్చినవి నాలుగు. గర్వం మాత్రం నలభైకి సరిపడా ఉండేది.

అప్పుడే స్వదేశానికి వెళ్ళిపోతూ ఒక దొర పారేసిన పుస్తకం నా చేతిలో పడింది. అట్టల్లేవు. నదుల పేర్లు ఎలా పుట్టాయో అందులో ఉంది. డాన్యూబ్‌ని స్లావు భాషలవాళ్ళు దునై అనీ, దునావ్ అనీ అంటారట. ఆ పేరుకి మూలం 'దాను' అనే పాత మాట, అంటే పారే నీరు. మన సంస్కృతంలోనూ దాను ఉంది! రష్యాలోని దోన్ నదిదీ అదే వంశం. ఇంకో వింత, అదే డాన్యూబ్ జర్మన్‌వాళ్ళకి ఆడది, స్లావులకి మగవాడు. వాళ్ళ వ్యాకరణం అలాంటిది. ఈ సంగతి ఎవరికీ చెప్పకపోతే కడుపు పగిలేలా ఉంది. పిల్లలకి చెబితే "పరీచ్చలో వస్తాదా మేష్టరూ?" అని అడిగి ఊరుకున్నారు.

అంతలో మా చెల్లి పెళ్ళి వచ్చింది. మగపెళ్ళివారి లారీకి మధ్యాహ్నం రెండింటి వరకే పాసు. ఆలోగా తాళి పడకపోతే పెళ్ళికొడుకుతో సహా లారీ వెనక్కి పోతుంది. మళ్ళీ అనుమతి ఎప్పటికో! చెల్లి పొద్దున్నుంచీ గేటు వైపే చూస్తూ కూచుంది.

పెళ్ళికూతురి స్నానానికి ముందు బిందెల్లోకి నదుల్ని పేరుపేరునా పిలవాలి. గంగని పిలిచాను, గోదావరిని పిలిచాను. అక్కడ ఆగితే నేను నేనెలా అవుతాను?

"దునై నదీ రా! దోన్ నదీ రా!"

"ఏటిరా, కొత్త మంత్రమా?" అన్నాడు బాబాయి.

"రష్యా దాకా ఉన్న నదులు బాబాయ్. మన చుట్టాలే!"

పెళ్ళికి కాపలాగా వచ్చిన మలాయ్ సార్జెంటు కాఫీ గ్లాసు కింద పెట్టి నోటుబుక్కు తెరిచాడు. ఆయనకి తెలుగు రాదు. కానీ ఆ రోజుల్లో రష్యా అన్న మాట ఏ భాషలో విన్నా పోలీసు లేచి నిలబడేవాడు.

"రష్యా నుంచి ఎవరొస్తున్నారు?" అన్నాడు మలాయ్‌లో.

"నది అయ్యా, నది! సుంగై లా తువాన్, సుంగై!"

"నదైతే మనిషిని పిలిచినట్టు రమ్మంటావేం?" అని బిందెలో మోచేతిదాకా చెయ్యి పెట్టి కలియతిప్పాడు. ఎవరూ దొరకలేదు. "స్టేషన్‌కి నడు. అక్కడ చెప్పు."

నేను వెళితే పెళ్ళెవరు చేయిస్తారు? చెల్లి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. పుస్తకం తెచ్చి, పేజీలు తిప్పి, చెమటలు కక్కుతూ వ్యాకరణమంతా మలాయ్‌లో చెప్పాను. "ఈ రెండు నదులూ వాళ్ళకి లెలాకీ, తువాన్! మగవాళ్ళు! అంతే!"

సార్జెంటు నన్ను జాలిగా చూశాడు. "చిక్గు గీలా" అన్నాడు, అంటే మేష్టారికి పిచ్చి అని. నోటుబుక్కు మూసి మళ్ళీ కాఫీ అందుకున్నాడు. హమ్మయ్య అనుకున్నాను. కానీ మలాయ్ మాటలు మా మామ్మకీ వచ్చు.

"పెళ్ళికూతురు తానం సేసే నీళ్ళలోకి మగోళ్ళని పిలిసినావేట్రా? ఇద్దర్ని!"

"వ్యాకరణంలోనే మామ్మా..."

"ఎక్కడోళ్ళైతే నాకేటి? బయిటికి పొమ్మను!"

"రమ్మనడమే వచ్చు మామ్మా. పొమ్మనే మంత్రం నాకు రాదు."

"అయితే ఆళ్ళతో నువ్వే తానం సెయ్యి!" అని రెండు బిందెలూ నా నెత్తిన కుమ్మరించింది, పుస్తకంతో సహా. చెల్లి ఏడుపు మరిచిపోయి పడీపడీ నవ్వింది.

కొత్త నీళ్ళు వచ్చాయి. మామ్మే చెయ్యి ఆనించి, మా ఎస్టేటు పక్కన పారే నదిని పిలిచింది. "పేరాక్ తల్లీ, మా పిల్లని సల్లగా సూడు." తర్వాత నాకేసి తిరిగింది. "మీ తాత ఎక్కొచ్చిన పడవని మోసినాది ఈ తల్లి. పక్కనే ఉన్నాది, ఒక్కసారైనా పిలిసినావేట్రా?" నిజంగా సిగ్గేసింది. తల తుడుచుకునే వంకతో మొహం దాచుకున్నాను.

తడిబట్టల్తోనే పెళ్ళి చేయించాను. రెండింటికి పావుగంట ఉందనగా తాళి పడింది. అప్పుడు కొత్త పెళ్ళికొడుకు అమాయకంగా అడిగాడు, "మేష్టరు ఏటలా తడిసిపోనారు?"

మామ్మ తడుముకోలేదు. "ఆయనగారు రష్యాలో తానం సేసొచ్చినారు బాబూ!"

సార్జెంటు మళ్ళీ నోటుబుక్కు తెరిచాడు.

అక్షింతలు చేతపట్టుకుని ఆ క్షణాన్నే ప్రమాణం చేశాను. ఇక ఈ జన్మలో ఏ నదిని పిలవాల్సి వచ్చినా, అది ఆడదా మగవాడా అని పుస్తకాలు వెతకను. మామ్మ ఊళ్ళో ఉందో లేదో కనుక్కుంటాను.